ఊడలు దిగే వేళ

ఏప్రిల్ మూడో వారం వచ్చిందంటే మా అనంతపురంలో రెండు జరిగి తీరతాయి. ఒకటి, ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రెండు, సప్తగిరి సర్కిల్ చుట్టుపక్కల ఏ టీ కొట్టు ముందు చూసినా నలుగురు చేరి సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టుకి పోస్ట్‌మార్టం చేస్తూ ఉంటారు. రోగి ఇంకా బతికే ఉంటాడు. లేచి తిరుగుతూనే ఉంటాడు. అయినా సరే, కోసి చూడాల్సిందే!

14 మ్యాచ్‌ల లీగ్‌లో ఏడో మ్యాచ్ అయిపోయిందంటే సీజన్ సగానికి వచ్చినట్టు. అప్పటిదాకా ‘చూద్దాంలే’ అన్నవాళ్లంతా ఆ వారంలోనే జడ్జీలైపోతారు. ఎవర్ని తీసెయ్యాలి, ఎవర్ని పైకి పంపాలి, కెప్టెన్ ఎవరు కావాలి, అసలు జట్టు నడిపేవాళ్లకి క్రికెట్ తెలుసా లేదా... తీర్పులన్నీ రెండు టీలు తాగేలోపే వచ్చేస్తాయి. నేనూ ఆ జడ్జీల్లో ఒకణ్ణే. దాపరికమెందుకు, కాస్త గొంతు పెద్ద జడ్జీని.

మా ఊళ్లో ఈ అభిమానం వ్యవహారం కొంచెం చిక్కుగా ఉంటుంది లెండి. ఇక్కణ్ణుంచి బెంగళూరు 200 కిలోమీటర్ల పైచిలుకు. హైదరాబాద్ అయితే 350 దాటుతుంది. వానలు ముఖం చాటేసిన ఏడాది పని కోసం బస్సెక్కినవాళ్లలో ఎక్కువమంది దిగేది బెంగళూరులోనే. చదువుకున్న పిల్లలు ఉద్యోగాలు వెతుక్కునేదీ అక్కడే. అందుకని మమ్మల్ని కడుపు బెంగళూరు వైపు లాగుతుంది, నాలుక హైదరాబాద్ వైపు లాగుతుంది. ఒకే ఇంట్లో తండ్రిది నారింజ రంగు, కొడుకుది ఎరుపు రంగు. మా ఇంట్లో నేను హైదరాబాద్ మనిషిని. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా చెల్లెలి కొడుకు ఆర్‌సీబీ భక్తుడు.

మా పెద్దనాయన ఒక్కడే ఏ రంగూ పూసుకోడు. ఆయన సేద్యగాడు. ఎండాకాలం చేలో పెద్దగా పని ఉండదు కాబట్టి పల్లె నుంచి వచ్చి నెలా రెణ్ణెల్లు మా దగ్గర ఉంటాడు. రాత్రిళ్లు వేయించిన శెనక్కాయలు ఒలుచుకుంటూ నా పక్కన కూర్చుని మ్యాచ్ చూస్తాడు. ఎవరు కొట్టినా ‘బాగ కొట్నాడు’ అంటాడు. ఎవరు అవుటైనా ‘పాపం’ అంటాడు. 2025 ఏప్రిల్లో ఆయన నాతో ఒక మాట అన్నాడు. ఇప్పుడు మీకు చెప్పబోయేది ఆ మాట గురించే.

అంతకు ముందు ఏడాది మన జట్టు ఆట చూసి దేశమంతా నోరెళ్లబెట్టింది. 2024 మార్చి 27న ముంబైపై 277. ఏప్రిల్ 15న బెంగళూరుపై వాళ్ల ఊళ్లోనే 287. ఏప్రిల్ 20న ఢిల్లీలో మొదటి 6 ఓవర్లలోనే 125, ఒక్క వికెట్టూ పడకుండా. ఆ ఊపులోనే 2025 మార్చి 23న, ఆ ఏడాది మొదటి మ్యాచ్‌లో, ఉప్పల్‌లో రాజస్థాన్‌పై 286 కొట్టారు. ఇంకేముంది, మా టీ కొట్టు దగ్గర ఒకటే చర్చ. 300 కొట్టేది ఏ రోజు? సోమవారమా, గురువారమా?

ఆ మ్యాచ్‌లో కొత్తగా వచ్చిన ఇషాన్ కిషన్ 47 బంతుల్లో 106 చేసి నాటౌట్‌గా నిలిచాడు. జట్టుకి కొత్తేమోగానీ మాకు ఆ కుర్రాడు పాతవాడే. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు మా ఊరి ఆర్డీటీ స్టేడియంలో జరిగినప్పుడు ఇక్కడే 111 కొట్టి వెళ్లాడు. ‘మన పిచ్చి మింద ఆడినోడప్పా’ అని అప్పుడే సొంతం చేసేసుకున్నాం.

ఆ తర్వాత మొదలైంది మన తిప్పలు. ఉప్పల్‌లో లక్నో చేతిలో ఓటమి. విశాఖలో ఢిల్లీపై 163కే ఆలౌట్. కోల్‌కతాలో 120కే చాప చుట్టేసి 80 పరుగుల తేడాతో ఓటమి. సరే, ఇంటికొస్తే బాగుపడతారులే అనుకుంటే ఏప్రిల్ 6న ఉప్పల్‌లో గుజరాత్ తరఫున మన హైదరాబాద్ సిరాజే 17 పరుగులిచ్చి 4 వికెట్లు తీసుకుపోయాడు. ఇంటివాడి చేతి దెబ్బ ఇంకాస్త మంట పుట్టిస్తుంది కదా!

సెంచరీ కొట్టిన కిషన్ ఆ తర్వాత 20 పరుగులు దాటడం మర్చిపోయాడు. ఇక అభిషేక్ శర్మ సంగతి మరీ ఘోరం. మొదటి ఐదు మ్యాచ్‌ల్లో అతని స్కోర్లు వరసగా 24, 6, 1, 2, 18. అన్నీ కలిపితే 51. వేలానికి ముందు 14 కోట్లిచ్చి అట్టిపెట్టుకున్న ఆటగాడు! సగం సీజన్ కూడా కాకముందే నా తీర్పు సిద్ధమైపోయింది.

“ఈ పిల్లాణ్ణి తీసి బయట కూర్చోబెడితేగానీ జట్టు బాగుపడదు పెద్దనాయనా” అన్నాను, రిమోట్ సోఫా మీదకి విసిరేసి.

ఆయన శెనక్కాయ తొక్క పక్కన పెట్టి నా వైపు చూశాడు. “ఏమప్పా, ఊడలు దిగేటప్పుడు సేన్లో గుంటక తోల్తారా ఎవురన్నా?” అన్నాడు.

సేద్యం తెలియని పాఠకుల కోసం ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. మా జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లు. అదీ లెక్కలో. నేల మీద ఎప్పుడు పడుతుందో, ఏ ఊరి పొలిమేరలో ఆగిపోతుందో దేవుడికే తెలియాలి. జూన్, జూలైల్లో పదునైన వాన పడితే వేరుశనగ విత్తుతారు. మూడున్నర నెలల పంట. నాలుగు వారాలకి పసుపు పచ్చటి పూత వస్తుంది. ఆ పూవున్న చోటు నుంచి సన్నటి ఊడ కిందికి దిగి, నేలలోకి దూరి, అక్కడ కాయ అవుతుంది. అంటే ఈ మొక్క పూసేది పైన, కాసేది లోపల.

కలుపు ఉంటుంది, నిజమే. కానీ గుంటక తోలడమైనా, కలుపు తీయడమైనా విత్తిన 45 రోజుల్లోపే అయిపోవాలి. ఆ తర్వాత నేల కదిలిస్తే ఊడలు తెగిపోతాయి. రైతులే కాదు, వ్యవసాయ శాస్త్రవేత్తలూ చెప్పేది ఇదే. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆగస్టు ఎండకి ఆకు వాడిపోయి, చూసేవాడికి చేను చచ్చిపోయినట్టే కనిపిస్తుంది. గట్టు మీద నిలబడి చూస్తే కాయ పడిందో లేదో తెలీదు. తెలుసుకోవాలంటే పీకి చూడాలి. పీకితే ఆ మొక్క పోతుంది.

ఇదంతా ఆయన నాకు విడమరిచి చెప్పలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగేసి మళ్లీ శెనక్కాయల్లో పడిపోయాడు. ‘చేనుకీ క్రికెట్‌కీ లంకె ఏమిటి, ముసలాయన చాదస్తం కాకపోతే’ అనుకుని ఊరుకున్నాను.

ఏప్రిల్ 12 వచ్చింది. ఉప్పల్‌లో పంజాబ్ మొదట ఆడి 245 కొట్టింది. మన షమీ 4 ఓవర్లలో 75 పరుగులిచ్చి ఒక్క వికెట్టూ తీయలేదు. నేను భోజనానికి లేచిపోయాను. తిరిగొచ్చేసరికి తెర మీద వేరే లోకం. అభిషేక్ 55 బంతుల్లో 141! 14 ఫోర్లు, 10 సిక్సర్లు. ఐపీఎల్లో ఒక భారతీయుడు చేసిన అత్యధిక స్కోరు అది. ట్రావిస్ హెడ్‌తో కలిసి మొదటి వికెట్టుకే 171. తొమ్మిది బంతులు మిగిలుండగానే మ్యాచ్ అయిపోయింది. సెంచరీ కాగానే అతను జేబులోంచి చిన్న కాగితం తీసి అభిమానుల వైపు చూపించాడు. ఆ సెంచరీ నారింజ సైన్యానికే అంకితమని అందులో రాసుకున్నాడు.

నారింజ సైన్యమంటే ఎవరండీ? నేనే! వారం క్రితం అతణ్ణి బయట కూర్చోబెట్టమన్నవాణ్ణి. ఆ కాగితం చూశాక తలెత్తి పెద్దనాయన ముఖం చూడలేకపోయాను. ఆయన మాత్రం ‘బాగ కొట్నాడు’ అన్నాడు, ఎప్పటిలాగే.

అదృష్టం కలిసొచ్చిన మాటా నిజమే. 28 దగ్గర క్యాచ్ ఇస్తే అది నోబాల్ అయింది. 56 దగ్గర ఇంకో క్యాచ్ నేలపాలైంది. మంచి ఆటగాడికైనా అదునులో ఒక జల్లు పడాలి. కానీ జల్లు పడే రోజుకి మొక్క చేలో ఉండాలి కదా, అదీ సంగతి. ఆ కుర్రాడే 2025 సెప్టెంబరులో ఆసియా కప్‌లో 314 పరుగులు చేసి మొత్తం టోర్నమెంటుకే ఉత్తమ ఆటగాడయ్యాడు.

ఆ రాత్రి నుంచీ నేను పాత సీజన్లన్నీ తిరగేసుకుంటున్నాను. మన జట్టు ఊడలు దిగే వేళ గుంటక తోలిన ఏడాది ఒకటుంది. 2021.

ఆ ఏడాది మొదటి ఆరు మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటే. మే 1న డేవిడ్ వార్నర్‌ని కెప్టెన్సీ నుంచి తప్పించారు. మర్నాటి మ్యాచ్‌లో జట్టులో కూడా చోటివ్వలేదు. ఎవరీ వార్నర్? 2016లో 848 పరుగులు చేసి, ఫైనల్లో 69 కొట్టి, మనకి కప్పు తెచ్చిపెట్టినవాడు. తెలుగు పాటలకి స్టెప్పులేసి మన ఇళ్లలో పిల్లలకి కూడా చుట్టమైపోయినవాడు. కరోనా వల్ల ఆగిన ఆ సీజన్ సెప్టెంబరులో యూఏఈలో మళ్లీ మొదలైంది. వార్నర్ రెండు మ్యాచ్‌ల్లో 0, 2 చేశాడు. మళ్లీ బయటే. నిజం చెప్పాలంటే అప్పుడు నేనూ ‘అయిపోయిందిలే ఇతని పని’ అన్నాను. జట్టు మాత్రం 14లో 3 గెలిచి అట్టడుగున నిలిచింది. వార్నర్‌ని తీసినందువల్ల ఒరిగిందేమీ లేదు. అదే యూఏఈలో, ఆ నవంబరులోనే, ఆస్ట్రేలియా టీ20 ప్రపంచ కప్పు గెలిచింది. 289 పరుగులతో టోర్నమెంటులో ఉత్తమ ఆటగాడు ఎవరో తెలుసా? ఆ ‘అయిపోయిన’ వార్నరే.

సగం సీజన్లో పాయింట్ల పట్టిక మనల్ని ఒక వైపే మోసం చేస్తుందనుకోకండి. రెండు వైపులా చేస్తుంది. 2024 చూడండి. ఏడు మ్యాచ్‌లకి మనవాళ్లు ఐదు గెలిచి దర్జాగా ఉన్నారు. బెంగళూరువాళ్లు ఎనిమిదింట్లో ఒక్కటి గెలిచి అడుగున ఉన్నారు. ఏప్రిల్ 25న ఉప్పల్‌లో ఈ రెండు జట్లకీ మ్యాచ్. మా మేనల్లుడికి ఫోన్ చేసి, “ఒరే, ఈసారికి మీ జెర్సీలు ఉతికి బీరువాలో పెట్టేసుకోండి” అన్నాను. వాడు “సరే మామా” అని పెట్టేశాడు. ఆ రాత్రి 35 పరుగుల తేడాతో మనల్ని కొట్టారు! అక్కణ్ణుంచి ఆరు మ్యాచ్‌లు వరసగా గెలిచి, ఏకంగా ప్లేఆఫ్స్‌కి వెళ్లి కూర్చున్నారు. మనం ఫైనల్‌కైతే వెళ్లాం. మే 26న చెన్నైలో 113కే ఆలౌట్. 287 కొట్టిన జట్టు 113! చేను పచ్చగా ఉందని మురిసిపోయి, తీరా పీకి చూస్తే కాయలన్నీ లొట్టలే.

మేనల్లుడి జట్టు 2008 నుంచి 17 సీజన్లు ఎదురుచూసి, 18వ సీజన్లో, 2025 జూన్ 3న కప్పు గెలిచింది. అర్ధరాత్రి ఫోన్ చేసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ సంతోషం ఒక్క రోజు కూడా నిలవలేదు. మర్నాడు చిన్నస్వామి స్టేడియం దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. వాడు ఫోనెత్తి ‘నేను ఆఫీసులోనే ఉన్నా మామా’ అనేదాకా మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. మా జిల్లాలో ఆ సాయంత్రం అలా ఫోన్లు పట్టుకు కూర్చున్న ఇళ్లు ఎన్నో. ఆ కుటుంబాల కడుపుకోతకి ఏ కప్పూ సాటి రాదు.

మన పాత డెక్కన్ చార్జర్స్ గుర్తుందా? 2008లో 14లో రెండే గెలిచి చివరి స్థానం. 2009లో దక్షిణాఫ్రికాలో ఆడినప్పుడు మొదటి నాలుగూ గెలిచి, మధ్యలో తడబడి, చివరికి ఏడు గెలుపులు ఏడు ఓటములతో నాలుగో స్థానంలో బతుకు జీవుడా అంటూ సెమీస్‌కి చేరారు. అక్కడ గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 కొట్టాడు. మే 24న జొహన్నెస్‌బర్గ్‌లో 6 పరుగుల తేడాతో కప్పు మనదైంది. 2010లోనైతే మధ్యలో ఐదు వరసగా ఓడి, ఆఖరి ఐదూ వరసగా గెలిచి సెమీస్‌కి వెళ్లారు. ఆ ఐదు ఓటముల దగ్గర టీవీ కట్టేసినవాడు మిగిలిన ఐదూ చూడనే లేదు.

“అయితే ఏమంటావయ్యా? ఓడినా గెలిచినా నోర్మూసుకుని చప్పట్లు కొట్టమంటావా?” అని మీరడగొచ్చు. అలా అనను. అభిమాని నోరు కట్టేస్తే ఇంక ఆటెందుకు! సగం సీజన్లో చూడాల్సింది ఎన్ని ఓడారని కాకుండా ఎలా ఓడారని. అలా చూస్తే 2025లో మన జట్టుకి రెండు జబ్బులు కనిపిస్తాయి.

మొదటిది, నేల చూడకుండా విత్తడం. బ్యాటు మీదకి బంతి సాఫీగా వచ్చే పిచ్‌లో 286 కొట్టిన ఆటే, బంతి ఆగి ఆగి వచ్చే పిచ్‌లోనూ ఆడారు. ఓడిన కొన్ని మ్యాచ్‌ల్లో అదే తంతు. మొదటి బంతి నుంచీ ఊపడం, ఆరు ఓవర్లలోపే మూడో నాలుగో వికెట్లు, ఆ తర్వాత దిక్కులు చూడటం. ఏప్రిల్ 17న ముంబైలో 162 చేసి ఓడారు. సరిగ్గా ఏడో మ్యాచ్, రెండు గెలుపులు, ఐదు ఓటములు. పోనీ బుద్ధొచ్చిందా? 23న ఉప్పల్‌లో అదే ముంబైపై 35 పరుగులకే 5 వికెట్లు! దూకుడు తప్పని నేననను. ఆ దూకుడే మనకి 2024ని ఇచ్చింది. కానీ ఎర్ర నేలకీ నల్ల రేగడికీ ఒకే సేద్యం చేసే రైతుని ఎక్కడైనా చూశారా?

రెండోది, ఏప్రిల్లో తగులుకున్న జబ్బు కాదు. అంతకుముందు నవంబరు వేలంలోనే తగులుకుంది. 2014 నుంచి మన తరఫున బంతి పట్టిన భువనేశ్వర్ కుమార్‌ని వదిలేశారు. 2016లో 23 వికెట్లు, 2017లో 26, రెండుసార్లూ లీగ్‌లో అందరికంటే ఎక్కువ వికెట్లు తీసినవాడు. 2024 మే 2న ఆఖరి బంతికి వికెట్ తీసి రాజస్థాన్‌పై ఒక్క పరుగుతో గెలిపించినవాడు. అతణ్ణి బెంగళూరు 10 కోట్ల 75 లక్షలకి కొనుక్కుంది. 2025లో 17 వికెట్లు తీసి వాళ్లకి కప్పు అందించడంలో చెయ్యేశాడు. మనం 10 కోట్లిచ్చి తెచ్చుకున్న షమీకి తొమ్మిది మ్యాచ్‌ల్లో దక్కినవి 6 వికెట్లు. గాయం నుంచి లేచొచ్చిన షమీని నేను తప్పు పట్టను. అతను ఎంత పెద్ద బౌలరో ప్రపంచమంతా చూసింది. ఆ నవంబరులో అతణ్ణి లక్నోకి ఇచ్చేశారు, ఆ కథ ముగిసింది. నా బాధల్లా ఒకటే. ఇంట్లో ఉన్న మేలైన విత్తనం అమ్ముకుని, సంతలో కొత్త విత్తనం కొనుక్కొచ్చుకున్నాం. ఆ తప్పుకి ఏప్రిల్లో అభిషేక్‌ని తిడితే ఏం లాభం?

కలుపు తీసే కాలం ఒకటుంది. జట్టుకైతే అది వేలం, సన్నాహక శిబిరం, మహా అయితే మొదటి రెండు మూడు మ్యాచ్‌లు. సగం దాటాక చేయగలిగిందల్లా ఉన్న మొక్కని కాపాడుకోవడమే.

ఇంకో మాట చెప్పకపోతే ఈ వారం నాకు నిద్ర పట్టదు. సగం సీజన్లో టీ కొట్టు దగ్గర అందరికంటే గట్టిగా అరిచే కుర్రాళ్లని కొంచెం గమనించండి. జట్టు ఓడితే ముఖంలో దిగులు కనబడాలి. వీళ్ల ముఖాల్లో భయం కనబడుతుంది. ఎందుకంటే వాళ్లు పందెం కాశారు. మన ఊళ్లలో ఈ పందేల జబ్బు ఎన్ని ఇళ్లకి పాకిందో ఇంట్లో ఆడవాళ్లని అడగండి, చెబుతారు. సెల్‌ఫోన్లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. చట్టం సరే, పక్కనున్నవాడితో చేతిలో చెయ్యేసి కాసే పందేన్ని ఆపాల్సింది ఎవరు? ఇంట్లోవాళ్లే.

అభిమానికీ పందెంగాడికీ తేడా ఒక్కటే. అభిమాని ఆగగలడు. ఈ రోజు అభిషేక్ 2 పరుగులకి అవుటైతే, వచ్చే వారం చూద్దాం అనుకోగలడు. పందెంగాడికి వచ్చే వారం ఉండదు. వాడి లెక్క ఆ రాత్రే తేలాలి. అందుకే ఆటగాణ్ణి అంత నీచంగా తిడతాడు. మా పెద్దనాయన కూడా ఏటా ఆకాశంతో జూదమాడేవాడే. అప్పు తెచ్చి విత్తనాన్ని మట్టిలో పోసి పైకి చూస్తూ కూర్చునేవాడే. కానీ ఆయనకి అది తప్పని జూదం, తిండిగింజల కోసం ఆడేది. అది తెలిసినవాడు కాబట్టే ఒకసారి మా వీధి కుర్రాడు పందెం సంగతి చెబితే, “కూటికి లేక మేమాడతాండాం. నీకేమొచ్చిందప్పా?” అన్నాడు. వాడు తల దించుకున్నాడు.

ఇంతకీ ఆ 2025 సీజన్ చివరికి ఏమైంది? పెద్దనాయన మాట నిజమై మనం కప్పు గెలిచామనుకుంటే అది సినిమా అవుతుంది. అలా జరగలేదు. మే 5న ఉప్పల్‌లో ఢిల్లీని కెప్టెన్ కమిన్స్ మొదటి బంతి నుంచే చావగొట్టాడు. వాళ్లు చేసింది 133. చాలా రోజులకి మనవాళ్లు పద్ధతిగా బౌలింగ్ చేశారు. గెలిచే మ్యాచ్. బ్యాటింగ్‌కి దిగాల్సిన సమయానికి వాన మొదలైంది. ఎంతకీ ఆగలేదు. మ్యాచ్ రద్దు, చెరో పాయింటు. దాంతో మన ప్లేఆఫ్స్ ఆశ ఆ రాత్రే తడిసి ముద్దైపోయింది.

“పాడు వాన!” అన్నాను. నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు. పుట్టి బుద్ధెరిగాక వానని తిట్టడం అదే మొదటిసారి.

పెద్దనాయన గభాల్న చెయ్యి పట్టుకున్నాడు. “గమ్మునుండు రా! వానను తిట్టాకు. మన నోట ఆ మాట రాకూడదు” అన్నాడు. ఆయన గొంతులో నిజంగానే కంగారు. హైదరాబాద్‌లో నేనన్న మాట విని, మా ఊరికి రావాల్సిన మేఘం అలిగి వెనక్కి పోతుందేమోనన్నంత కంగారు. నేను చెంపలేసుకున్నాను. నవ్వకండి, నిజంగానే వేసుకున్నాను.

ఆ తర్వాత మన జట్టు ఆడాల్సిన మ్యాచ్‌లు మూడు. గెలిచినా ఒరిగేదేమీ లేదు. టీ కొట్టు జడ్జీలంతా వేరే కేసుల్లో పడిపోయారు. ఆ మూడూ మేమిద్దరమే చూశాం. మూడూ మనమే గెలిచాం. కప్పు కొట్టబోతున్న బెంగళూరుని 42 పరుగులతో ఓడించారు. ఏప్రిల్లో తడబడిన ఇషాన్ కిషన్ ఆ మ్యాచ్‌లో 94 నాటౌట్. మే 25న ఆఖరి మ్యాచ్‌లో కోల్‌కతాపై 278. క్లాసెన్ 37 బంతుల్లో సెంచరీ. 110 పరుగుల గెలుపు. 14 మ్యాచ్‌లకి 13 పాయింట్లతో ఆరో స్థానం.

“ఇప్పుడు కొట్టి ఏం లాభం పెద్దనాయనా, పంట పోయినాక?” అన్నాను.

“కాయ పోతే పోనీలే. కట్టెన్నా మిగిలింది గదా, పసరాలకి. దాన్నీ వదులుకుంటారా ఎవురన్నా?” అన్నాడాయన.

మూడో రోజు ఉదయమే సంచీ సర్దుకున్నాడు. జూన్ దగ్గర పడుతోంది, విత్తనం కాయలు ఒలిపించాలి, వెళ్లాలన్నాడు. బస్టాండులో బస్సెక్కించి కిటికీ దగ్గర నిలబడితే తల బయటికి పెట్టి అడిగాడు.

“ఆ కాగితం జేబులో పెట్టుకునొచ్చిన పిల్లోడు... వచ్చే ఏడు గూడా మన పక్కనేనా?”

ఏ రంగూ పూసుకోని పెద్దనాయన నోట మొదటిసారి ‘మన’ అనే మాట విన్నాను.